ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ: చిన్నపిల్లలకు ఆటలతో లెక్కలు ఎలా నేర్పాలి?

సిరోంచ తల్లి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఇంట్లోనూ వాడకట్టులోనూ తెలుగే మాట్లాడుకుంటాము, పిల్లల చదువు మాత్రం మరాఠీ మాధ్యమంలో సాగుతోంది. పాపకు ఏడేళ్ళు, రెండో తరగతి. బాబుకు నాలుగేళ్ళు, అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. ఇద్దరికీ లెక్కల మీద భయం పట్టుకోకముందే ఆటల ద్వారా ఇంట్లో కొంత నేర్పాలని నా కోరిక. అయితే ఏ ఆటతో మొదలుపెట్టాలో, ఆడేటప్పుడు నేను ఏం అనాలో, ఏం అనకూడదో నాకు స్పష్టంగా తెలియడం లేదు.

నేను గమనించినవి చెబుతాను. బాబు ఒకటి నుంచి ఇరవై వరకు తడబడకుండా చెబుతాడు. వాడి ముందు ఐదు ఉల్లిగడ్డలు పెట్టి లెక్కపెట్టమంటే వేలు పెట్టి ఐదు వరకు చెబుతాడు కూడా. ఆ వెంటనే "అయితే ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే జవాబు చెప్పకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. గంపలోంచి నాలుగు తెమ్మంటే చేతికి వచ్చినన్ని తెస్తాడు.

పాప ఇబ్బంది వేరు. ఆరుకు మూడు కలపమంటే ముందు ఆరు వేళ్ళు ఒకటి నుంచి లెక్కపెట్టి, తర్వాత మూడు వేళ్ళు తెరిచి, మళ్ళీ మొత్తం ఒకటి నుంచి లెక్కపెడుతుంది. జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ పెద్ద సంఖ్యలు వచ్చేసరికి వేళ్ళు చాలక ఊరుకుంటుంది. ఇంకొకటి, "యాభై మూడు" అని నేను చెబితే 53 రాస్తుంది గానీ, అదే సంఖ్యను మరాఠీలో "త్రేపన్న" అంటే 35 రాస్తుంది.

మా అత్తమ్మకు అష్టాచెమ్మా, అచ్చనగాయలు, వామనగుంటలు అన్నీ వచ్చు, ఓపికగా ఆడిస్తారు కూడా. సాయంత్రం వంట పని అయ్యాక నాకు అరగంట తీరిక ఉంటుంది. ఫోన్‌లో ఆడే ఆటలు వద్దనుకుంటున్నాను. ఉపాధ్యాయులు గానీ, పిల్లలకు ఇలా నేర్పిన తల్లిదండ్రులు గానీ దారి చూపితే మేలు చేసినవారవుతారు.

రాజురా ఉపాధ్యాయుడు

అమ్మా, మీరు గమనించిన తీరు చూస్తే సగం పని ఇప్పటికే అయిపోయింది. చాలామంది తల్లిదండ్రులు "మావాడికి వంద వరకు వచ్చు" అని చెప్పి అక్కడితో ఆగిపోతారు. అంకెల పేర్లు వరుసగా పలకడం ఒక నేర్పు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరు అంటించడం మరొకటి. చివర పలికిన పేరే ఆ కుప్ప మొత్తానికీ వర్తిస్తుందని తెలుసుకోవడం మూడోది. మీ బాబుకు మొదటి రెండూ వచ్చాయి, మూడోది ఇంకా రాలేదు. నాలుగేళ్ళ పిల్లల్లో ఇది సర్వసాధారణమే కాబట్టి కంగారు పడవలసిన అవసరం లేదు.

వాడికి "ఎన్ని?" అన్న ప్రశ్నను తగ్గించి, "ఇన్ని ఇవ్వు" అన్న ఆటను పెంచండి. చింతగింజలు ఒక గిన్నెలో పోసి, వాడిని దుకాణదారుగా కూర్చోబెట్టి, అక్క వచ్చి "రెండు గింజలు ఇవ్వండి" అని అడిగేలా చూడండి. రెండు తప్పకుండా ఇస్తున్నాడంటే మూడు, మూడు కుదిరాక నాలుగు. ఇచ్చిన తర్వాత అక్క వాటిని అరచేతిలో పరిచి "మూడు గింజలు" అని మొత్తంగా చెప్పాలి. లెక్కించిన వెంటనే ఆ మొత్తాన్ని పేరుపెట్టి చెప్పడం వాడు పదేపదే వింటే, చివరి మాటకూ కుప్పకూ ఉన్న సంబంధం వాడికే తడుతుంది. తప్పు ఇస్తే "తప్పు" అనకుండా "నేను మూడు అడిగాను, ఇవి నాలుగు ఉన్నాయి, ఒకటి వెనక్కి తీసుకోండి" అనడం మంచిది. ఆ మాటలో తీసివేత కూడా దానంతట అదే వచ్చేస్తుంది.

ఇక అష్టాచెమ్మా గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో మన ఇళ్ళలో ఉన్న ఆటలన్నిటిలో లెక్కకు ఇంతగా పనికివచ్చేది మరొకటి లేదు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని నోరు తెరుచుకుని పడ్డాయో అన్ని గడులు నడుస్తాము. ఇక్కడ పిల్లవాడు మూడు గవ్వలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడు, కొద్దిరోజులు ఆడాక చూడగానే "మూడు" అనేస్తాడు. ఇలా చిన్న సంఖ్యలను చూపుతోనే పట్టుకోగలగడం తర్వాతి కూడికలకు పునాది. అయితే ఒక చిక్కు ఉంది. నాలుగూ బోర్లా పడితే మనం "అష్టా" అని ఎనిమిది గడులు నడుస్తాము. అప్పుడు కంటికి లెక్కపెట్టడానికి ఒక్క నోరు కూడా కనబడదు, అయినా ఎనిమిది అంటున్నాము. ఏడేళ్ళ పాపకు ఇది ఆట నియమంగా అర్థమవుతుంది. నాలుగేళ్ళ బాబుకు మాత్రం గందరగోళమే. అందుచేత వాడు ఆడేటప్పుడు మాత్రం నాలుగూ బోర్లా పడితే "సున్నా, కదలకూడదు" అని నియమం పెట్టండి. సున్నాకు అంతకన్నా మంచి పరిచయం దొరకదు.

పాప విషయంలో మీరు చెప్పిన ఇబ్బంది, అంటే ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెట్టడం, ఈ ఆటతోనే తీరుతుంది, కానీ దానికి పలకను కొంచెం మార్చాలి. ఐదుకు ఐదు గడుల పలకలో బయటి వరుసలో పదహారు, లోపలి వరుసలో ఎనిమిది, నడుమ ఒకటి, మొత్తం ఇరవై ఐదు గడులు ఉంటాయి. సుద్దముక్కతో గీసేటప్పుడు బయటి వరుసలో 1 నుంచి 16, లోపల 17 నుంచి 24, నడుమ గడిలో 25 అని కాయ నడిచే క్రమంలో రాయండి. మామూలుగా ఒక్కొక్కరు ఒక్కో వైపు నుంచి బయలుదేరతారు కదా, అలా అయితే ఈ అంకెలు ఒకరికే సరిపోతాయి. కాబట్టి నేర్చుకునే రోజుల్లో అందరూ ఒకే ఇంటి నుంచి బయలుదేరాలి. కాయ 8లో ఉండగా మూడు పడితే పాప "ఒకటి, రెండు, మూడు" అని కాకుండా "తొమ్మిది, పది, పదకొండు" అని పలుకుతూ జరపాలి. అత్తమ్మగారికి కూడా ఈ నియమం చెప్పండి. పెద్దవాళ్ళు తమ వంతులో అలాగే పలికితే పిల్లలకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు. కొంతకాలానికి పాప "ఎనిమిదిలో ఉన్నాను, మూడు పడితే పదకొండులో ఉన్న కాయను చంపవచ్చు" అని గవ్వలు వేయకముందే చూసుకుంటుంది. వేళ్ళ అవసరం తీరిపోయేది అక్కడే.

బల్లార్‌పూర్ పాఠకురాలు

ఉపాధ్యాయుల వారు చెప్పిన "ఎనిమిది తర్వాత తొమ్మిది, పది, పదకొండు అని పలకాలి" అన్న మాటకు పరిశోధనల బలం కూడా ఉంది. శిశువిద్య చదువుకుంటున్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంత రాస్తాను.

అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పేద కుటుంబాల నాలుగైదేళ్ళ పిల్లలతో ఒక చిన్న ఆట ఆడించి, ఫలితాలను 2008లో ప్రచురించారు. ఒకే వరుసలో 1 నుంచి 10 వరకు గడులు, తిప్పితే ఒకటో రెండో పడే చక్రం, అంతే ఆట. పిల్లలు కాయను జరుపుతూ ఆ గడిలోని అంకెను పైకి చదవాలి. ఒక్కోసారి పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడినందుకే అంకెలు గుర్తుపట్టడంలోనూ, రెండింటిలో ఏది పెద్దదో చెప్పడంలోనూ, ఫలానా అంకె ఎక్కడ వస్తుందో అంచనా కట్టడంలోనూ వాళ్ళు మెరుగయ్యారు. అంకెలకు బదులు రంగులున్న పలకమీద ఆడిన పిల్లల్లో ఆ మెరుగు కనబడలేదు. ఆ తర్వాత 2014లో ఎలైడా లాస్కీతో కలిసి సీగ్లర్ మరో పరిశీలన చేశారు. వంద వరకు ఉన్న పలకమీద గడిలోని సంఖ్యలను చదువుతూ నడిచిన పిల్లలకు కలిగినంత మేలు, ప్రతి వంతులోనూ "ఒకటి, రెండు" అంటూ నడిచిన పిల్లలకు కలగలేదని అందులో తేలింది. ఆట ఒకటే, నోటితో పలికేది మారింది, ఫలితమూ మారింది.

అందుకే బాబుకు వైకుంఠపాళి ఇప్పుడే కొనవద్దని నా సలహా. అందులో ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు పోతుంది. పైగా పాము మింగితే సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. అంకెల వరుస ఇంకా మనసులో కుదురుకోని పిల్లవాడికి అది తికమక పెడుతుంది. ఇంటి గచ్చుమీద ఒకే గీతలో పది గడులు గీసి, వాడే కాయగా మారి అడుగులు వేస్తే చాలు. పాపకు మాత్రం వైకుంఠపాళి చక్కగా పనికివస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే నేను అర్ధసత్యం చెప్పినట్లవుతుంది. ఢిల్లీలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వారి శిశుకేంద్రాలలో నాలుగు నెలలపాటు గణితపు ఆటలు ఆడించి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. 214 కేంద్రాలు, 1,540 మంది పిల్లలు. ఆర్థికశాస్త్రవేత్త ఎస్తేర్ డఫ్లో, మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ స్పెల్కీ ఆ అధ్యయనం చేసినవారిలో ఉన్నారు. ఆటల్లో సాధన చేసిన నేర్పులు, అంటే చూపుతో ఎక్కువ తక్కువలు పోల్చడం వంటివి, బాగా పెరిగి చాలాకాలం నిలిచాయి. అంకెలూ గుర్తులతో చేసే లెక్కల్లో కూడా మొదట్లో మెరుగు కనిపించింది. కానీ బడికి వెళ్ళాక అక్కడి గణితాన్ని నేర్చుకోవడంలో ఆ పిల్లలు మిగతావారికంటే ముందు లేరు. అదే బృందంలోని కొందరు మరికొందరితో కలిసి 2025లో ప్రచురించిన పరిశోధన మరీ ఆలోచింపజేసేది. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో కూరగాయలూ సరుకులూ అమ్మే పిల్లలు బేరాల లెక్కలను మనసులోనే వేగంగా, సరిగ్గా చేస్తారు. అవే లెక్కలు బడి పుస్తకంలో ఉండే రూపంలో ఇస్తే చాలామంది చేయలేకపోయారు. సంతలో పనిచేయని బడిపిల్లలు దానికి సరిగ్గా వ్యతిరేకంగా, పుస్తకపు లెక్కలు చేసి, బేరం లెక్క దగ్గర ఆగిపోయారు.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది. ఆట ఆడించి వదిలేస్తే అందులోని లెక్క ఆటలోనే ఉండిపోతుంది. ఆట ముగియగానే అందులో జరిగిన ఒకటి రెండు ఎత్తులను రాతపలకమీద రాయించాలి. "నువ్వు ఎనిమిదిలో ఉన్నావు, మూడు పడింది, ఎక్కడికి వెళ్ళావు?" అని అడిగి 8 + 3 = 11 అని పాపచేతనే రాయించండి. రెండు లెక్కలు చాలు, మూడోది అడిగితే ఆట పరీక్షగా మారిపోతుంది.

అంకీస అంగన్‌వాడీ సేవిక

చెల్లెమ్మా, నేను మీ తాలూకాలోని దాన్నే. మా కేంద్రానికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్ళలో తెలుగో, మాడియా అనే గోండు భాషో మాట్లాడతారు. మిరప ఏరే కాలంలో కొందరు తల్లిదండ్రులతోపాటు తెలంగాణ వైపు వెళ్ళిపోయి ఎండలు ముదిరాక తిరిగివస్తారు. అలాంటి పిల్లలకు పుస్తకం కన్నా, ఎక్కడికి వెళ్ళినా జేబులో పెట్టుకుపోగల ఐదు రాళ్ళే ఎక్కువ మేలు చేస్తాయని నా నమ్మకం. అందుకే అచ్చనగాయల గురించి చెబుతాను.

ఒక రాయి పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేలమీది నాలుగు రాళ్ళను తీయాలి కదా. మొదటి ఆటలో ఒక్కొక్కటి, రెండో ఆటలో రెండేసి, మూడో ఆటలో మూడు ఒకసారి, మిగిలిన ఒకటి ఇంకోసారి, నాలుగో ఆటలో నాలుగూ కలిపి. నాలుగు అనే సంఖ్యను ఎన్ని రకాలుగా విడదీయవచ్చో చేతివేళ్ళకే తెలిసిపోయే ఆట ఇది. ముఖ్యంగా మూడో ఆట ముందు పిల్ల ఒక్క క్షణం ఆగి, ఏ మూడు దగ్గర దగ్గరగా పడ్డాయి, ఏది విడిగా ఉంది అని నేలమీద చూసుకుంటుంది. ఆ చూసుకోవడమే లెక్క. పాపకు అది వచ్చాక రాళ్ళను ఏడుకు పెంచండి, అప్పుడు నేలమీద ఆరు ఉంటాయి. రెండేసి తీస్తే మూడుసార్లు, మూడేసి తీస్తే రెండుసార్లు, నాలుగు తీస్తే ఇంకా రెండు మిగులుతాయి. ప్రతిసారీ "నాలుగూ రెండూ ఆరు" అని పైకి అనమని చెప్పండి. నాలుగేళ్ళవాడికి ఎగరేసి పట్టుకోవడం చేతకాదు కాబట్టి, వాడు కూర్చుని తీసినవాటిని పక్కన పెట్టే పని చేస్తాడు.

వామనగుంటలు కూడా అత్తమ్మగారిచేత తీయించండి. పీట లేకపోతే మట్టిలో గుంటలు తవ్వినా సరిపోతుంది. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోవడం చిన్నవాడికి ఎంత మంచి అలవాటంటే, గింజను దాటవేసినా, రెండు వేసినా పక్కనున్నవాళ్ళు ఊరుకోరు. మేము పద్నాలుగు గుంటల్లో ఐదేసి చొప్పున డెబ్బై గింజలతో ఆడతాము. ఆట అయ్యాక ఎవరి గింజలతో వాళ్ళు గుంటలు నింపుకునే సమయం పాపకు బంగారం. ఆమెకు నలభై రెండు గింజలు వచ్చాయనుకోండి, ఐదేసి చొప్పున ఎనిమిది గుంటలు నిండి రెండు మిగులుతాయి. అత్తమ్మ దగ్గరి ఇరవై ఎనిమిదికి ఐదు గుంటలు నిండి మూడు మిగులుతాయి. గుణకారం, భాగహారం అన్న మాటలు వినకముందే ఆ రెండింటి పనీ ఆమె చేసేస్తుంది. నింపకముందే "నీకు ఎన్ని గుంటలు నిండుతాయనుకుంటున్నావు?" అని అడగండి. అంచనా ఒకటి రెండు అటూఇటూ అయినా మెచ్చుకోండి.

దెగ్లూరు తాతయ్య

ఆటలన్నీ మంచివే, నేను కాదనను. కానీ ఎక్కాలను మాత్రం పక్కన పెట్టకండి తల్లీ. మా చిన్నతనంలో నాందేడ్ జిల్లా బడుల్లో మరాఠీ పాఢేలతోపాటు, అంటే మామూలు ఎక్కాలతోపాటు, పావకీ, నిమకీ, సవాయకీ, దీడకీ కూడా చెప్పించేవారు. పావు, అర, ఒకటింపావు, ఒకటిన్నర ఎక్కాలన్నమాట. ఈ రోజుకీ పత్తి తూకం దగ్గర పదమూడుకు ఒకటిన్నర రెట్లు ఎంత అంటే నా నోటికి పందొమ్మిదిన్నర అని ఆలోచించకుండానే వస్తుంది. ఆటలో అర్థం తెలిసిన తర్వాత నోటికి పట్టించడం తప్పు కాదు, అవసరం కూడా. పాపకు ముందు రెండు, ఐదు, పది ఎక్కాలు చాలు. వామనగుంటల్లో ఐదేసి గింజలు నింపేటప్పుడే ఐదో ఎక్కం చెప్పించండి, చేతి పని మాటకు లయ ఇస్తుంది.

సిరోంచ తల్లి

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నా కృతజ్ఞతలు. అష్టాచెమ్మా పలకమీద అంకెలు వేసి మొదలుపెట్టాము. అత్తమ్మ తన వంతులో అంకెలు పైకి చదువుతూ నడుస్తుంటే పాప కూడా అలాగే అందుకుంటోంది. బాబు దుకాణం ఆటను వదలడం లేదు. ఇంట్లో ప్రతివాళ్ళూ వాడి దగ్గర గింజలు కొనవలసి వస్తోంది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, "త్రేపన్న" అంటే 35 రాసే సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. బడిలో మరాఠీలోనే అడుగుతారు కాబట్టి నాకు అదే ఎక్కువ దిగులుగా ఉంది. రెండోది, తీసివేతకు ఏ ఆట మంచిది? కూడిక ఆటల్లో సులభంగా వస్తోంది గానీ తీసివేత దగ్గర పాప వెనకాడుతోంది. ఓడిపోతే బాబు ఏడుస్తున్నాడు, దానికి కూడా ఏదైనా ఉపాయం ఉంటే చెప్పగలరు.

అంకీస అంగన్‌వాడీ సేవిక

ఓటమి సంగతి నేను చెబుతాను. ఐదేళ్ళు నిండేవరకు ఒకరిమీద ఒకరు కాకుండా, అందరూ కలిసి ఒకే కాయను నడిపే ఆటలు ఆడించండి. అత్తమ్మ, పాప, బాబు వంతులవారీగా గవ్వలు వేసి ఒకే కాయను నడుమ గడికి చేర్చాలి. పొయ్యిమీద అన్నం ఉడికేలోగా చేరిస్తే అందరూ గెలిచినట్లు. వాడు ఏడవడు, లెక్క మాత్రం అంతే జరుగుతుంది. పాపకు పోటీ ఆటలు వేరుగా పెట్టుకోవచ్చు.

రాజురా ఉపాధ్యాయుడు

అమ్మా, మీ రెండు సందేహాలకూ జవాబు ఒకేచోట దొరుకుతుంది, కాస్త ఓపికగా చదవండి.

ముందుగా, పాప 35 రాయడం ఆమె తెలివితక్కువతనం కాదు. చెవికి విన్నది విన్నట్లు రాస్తోంది. తెలుగులో ఇరవై దాటాక పదుల మాట ముందు, ఒకట్ల మాట వెనుక వస్తుంది, రాతలోనూ అదే వరుస. మరాఠీలో ఒకట్ల మాట ముందు వస్తుంది కాబట్టి "త్రే" వినగానే ఆమె చేయి మూడు రాసేస్తుంది. పుట్టుకతో మరాఠీ మాట్లాడే పిల్లలకు కూడా ఈ చిక్కు ఉంది. అందుకే 2019లో మహారాష్ట్ర బడి పుస్తకాలు తయారుచేసే సంస్థ బాలభారతి రెండో తరగతి గణిత పుస్తకంలో "పన్నాస్ తీన్" వంటి పద్ధతిలో, అంటే పదులు ముందు చెప్పి ఒకట్లు తర్వాత చెప్పే తీరులో, సంఖ్యలను చదివించే మార్పు తెచ్చారు. గణిత సమితి అధ్యక్షురాలు మంగళా నారళీకర్ దాన్ని గట్టిగా సమర్థించారు. భాష చెడిపోతుందని ఎందరో అభ్యంతరపెట్టడంతో వాదన శాసనసభ దాకా వెళ్ళింది. ఆ వాదనలో ఎవరు గెలిచారన్నది మనకు అనవసరం. మనకు కావలసింది ఏమిటంటే, ఆ పుస్తకం ఏ సౌకర్యం కోసం ప్రయత్నించిందో అది మీ పాపకు ఇంటి భాషలోనే ఉంది. దాన్ని ముందు వాడుకోండి. సంఖ్య ఎంత పెద్దదో తెలుగులో స్థిరపడనివ్వండి, మరాఠీ పేరును దానికి తగిలించండి. ఇంట్లో తెలుగు లెక్క మానేసి మరాఠీ ఒక్కటే చెప్పించమని ఎవరైనా అంటే వినవద్దు.

ఆట ఇలా ఆడించండి. చీపురుపుల్లలను సమానంగా విరిచి, పదేసి చొప్పున దారంతో కట్టలు కట్టండి, కొన్ని విడిగా ఉంచండి. మన వైపు ఎండాకాలంలో తునికాకును లెక్కపెట్టి కట్టలు కట్టడం పిల్లలు చూసే ఉంటారు కాబట్టి కట్ట అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. మీరు "త్రేపన్న" అని పిలవాలి. పాప ముందు ఎడమవైపు ఐదు కట్టలు పెట్టి, తర్వాతే కుడివైపు మూడు పుల్లలు పెట్టాలి. పుల్లలు ముందు ముట్టుకుంటే వంతు పోయినట్లు. ఆట మొత్తానికి ఈ ఒక్క నియమమే ప్రాణం. "త్రే" విన్నా చేయి ఆగి, "పన్న" వినేవరకు ఓర్చుకోవడం అలవాటవుతుంది. కట్టలు పెట్టాక "యాభై మూడు, త్రేపన్న" అని రెండు పేర్లూ పలికి, అప్పుడు రాయాలి.

దీనికి తోడుగా పాత శుభలేఖల అట్టలతో కొన్ని ముక్కలు కత్తిరించండి. 10, 20, 30 నుంచి 90 వరకు వెడల్పు ముక్కలు, 1 నుంచి 9 వరకు వాటిలో సగం వెడల్పు ముక్కలు. 50 ముక్కమీద సున్నా కప్పేలా 3 ముక్క పెడితే 53 కనబడుతుంది. 3 ముక్క తీసేస్తే వెనక 50 అలాగే ఉంటుంది. 53లో ఉన్న ఐదు నిజానికి యాభై అన్న సంగతి ఇంతకన్నా తేటగా చూపడం నాకు తెలియదు. ఆ ముక్కలమీద మరాఠీ అంకెలే రాయండి, బడిలో రాసేవి అవే. మరాఠీ మూడు, ఆరు ఒకదానికొకటి అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటాయి, మరాఠీ ఒకటేమో ఫోన్‌మీద కనిపించే తొమ్మిదిలా ఉంటుంది. ఈ రెండు చోట్ల పాప తడబడితే అది లెక్క తప్పు కాదని గుర్తించండి.

తీసివేతకు మొదటి ఆట చాలా చిన్నది. ఏడు చింతగింజలు చూపించి లెక్కపెట్టించి, పాప కళ్ళు మూసుకోగా కొన్నింటిమీద గిన్నె బోర్లించండి. బయట మూడు కనబడుతున్నాయి, గిన్నె కింద ఎన్ని? ఆమె చెప్పాక గిన్నె ఎత్తి చూడాలి. జవాబు సరైనదా కాదా అన్నది మీరు చెప్పనక్కర్లేకుండా గింజలే చెబుతాయి. ఐదుతో మొదలుపెట్టి పది వరకు పోవచ్చు. పదికి జోడీలు, అంటే ఏడూ మూడూ, ఆరూ నాలుగూ, ఎనిమిదీ రెండూ, ఆలోచించకుండా నోటికి వచ్చేవరకు దాన్ని వదలకండి. తర్వాతి తీసివేతలన్నీ వాటిమీదే నిలబడతాయి.

రెండో ఆట మళ్ళీ కట్టలతోనే. మరాఠీలో 29ను "ఏకోణతీస్" అంటారు కదా, ముప్పైకి ఒకటి తక్కువ. పిల్లలు "తీస్" విని ముప్పై ఏదో అనుకుని 39 రాస్తారు. మీరు "ఏకోణతీస్" అని పిలిచినప్పుడు పాప మూడు కట్టలు తెచ్చి, అందులోంచి ఒక పుల్ల మీకు తిరిగి ఇవ్వాలి. ఇవ్వడానికి విడి పుల్ల లేదు. కాబట్టి ఒక కట్ట దారం విప్పక తప్పదు. విప్పి ఒకటి ఇచ్చేస్తే రెండు కట్టలూ తొమ్మిది పుల్లలూ మిగిలాయి, అదే 29. బడిలో "దశకం (పదుల స్థానం) నుంచి అప్పు తెచ్చుకోవడం" అని రెండంకెల తీసివేతలో నేర్పేది కూడా ఈ దారం విప్పడమే. ఏకోణచాళీస్, ఏకోణపన్నాస్ అంటూ కొన్నాళ్ళు ఆడాక 53 పెట్టించి "ఎనిమిది ఇవ్వు" అని అడిగి చూడండి. విడిగా మూడే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట విప్పుతుంది. అప్పుడు కొందరు పిల్లలు పదమూడు పుల్లలనూ కలిపి అందులోంచి ఎనిమిది తీస్తారు, మరికొందరు విప్పిన పదిలోంచే ఎనిమిది ఇచ్చేసి మిగిలిన రెండును మూడుకు కలుపుతారు. రెండూ సరైన దారులే, నాలుగు కట్టలూ ఐదు పుల్లలూ మిగులుతాయి. పాప ఏ దారి పట్టిందో చూసి, ఆ దారినే పలకమీద ఆమె చేసిన వరుసలో రాయించండి. పుస్తకంలోని నిలువు పద్ధతి బడిలో చెప్పినప్పుడు దానిలో ఏ అంకె ఏ పుల్లలదో ఆమెచేత చూపించండి.